గోడకావలి పొయ్యి

అకాలమున బలవంతముగా పూయించిన పువ్వు భగవంతునకు ప్రీతికరమగునా యను సంశయము వకుళమ్మ మనస్సున పెక్కేండ్లుగా నుండెను. కొండగాలి కోఱలు చాచి వీచుచు మంచుతెరలు మధ్యాహ్నము వఱకును వీడక తోటలన్నియు మ్రోడువాఱియుండు హేమంతమున ఆ చలిగట్టుపురమందు పువ్వను మాటయే జనులు మఱచుచుండిరి. అట్టి ధనుర్మాసమున ఆమె యింట మాత్రము ముక్కోటి యేకాదశి నాటికి నేలసంపెంగలు విరిసి కూడము నడుమ ఇత్తడిపాత్రయందు పరిమళించుచుండెడివి.

శరత్తు కడపట దుంపలను కుండలలో నాటి కొట్టుగది తూర్పుగోడకు చేర్చి గంపలు బోర్లించి చీకటిలో దాచి మొలకలు తలలెత్తిన పిమ్మట గంపలు తొలగించి కిటికీవెలుగు సోకనిచ్చుట ఆమె పద్ధతి. ఆ గోడ యెల్లప్పుడును గోరువెచ్చగా నుండుట తన వ్రతనిష్ఠకు స్వామి చూపిన యనుగ్రహమని పేరంటమునకు వచ్చిన ముత్తైదువలకు చెప్పి ఆమె మురియుచుండెడిది.

గోడకావల చూడమ్మ యను ఆమె తోడికోడలు కాపురముండెను. అన్నదమ్ములు ఇల్లు పంచుకొన్ననాడు నడుమ లేచిన యా గోడతోనే కోడండ్ర నడుమ మాటయు నిలిచిపోయెను.

ఆ యేడు కాడలు జానెడెత్తు లేచి నిలిచిపోయెను. తెల్లవాఱిన ముక్కోటి యనగా ఒక్క కాడ మాత్రము విచ్చెను గాని తక్కినవాని మొగ్గలు పచ్చిగా బిగిసియుండెను. వకుళమ్మ గోడపై చేయి యుంచి చూడగా అది రాయివలె చల్లగా నుండెను. అక్కసు పట్టజాలక ఆమె తోడికోడలి గుమ్మమునకు నడచెను.

“చూడమ్మా, గోడప్రక్కనున్న పొయ్యి యేల మార్చితివి?”

చూడమ్మ చేటలోని బియ్యమునుండి తల యెత్తలేదు. “మా గుమ్మము మీకు జ్ఞప్తియందున్నదా అక్కగారూ? నా పొయ్యి నాది. తూర్పున పెట్టుకొందును, మిద్దెపై పెట్టుకొందును.”

“నా పూలు చచ్చుచున్నవి.”

“స్వామి యనుగ్రహము చల్లారినదేమో. కొండనుండి కట్టెలు మోసినది నేను. పొగకు కన్నులు మండించుకొన్నది నేను. అనుగ్రహము మాత్రము మీ కొట్టుగదిలోనికి వచ్చినది. ఇన్నేండ్లలో ఒక్క పువ్వయినను ఈ గడప దాటినదా?”

“ఎఱిగియుండియు నాడే చెప్పవైతివేమి?”

“అడుగకున్నను ఇచ్చుట నా వంతు. ఎఱుగనట్లు పుచ్చుకొనుట మీ వంతు. అన్నియు పంచుకొంటిమి గదా.”

చూడమ్మ పుట్టింటికి పోయిన దినములందెల్ల ఆ గోడ చల్లబడుట వకుళమ్మ యెఱుగనిది కాదు. ఎన్నడును ఆలోచింప నొల్లనిది. మరలి యింటికి పోయి దేవునికై నిలిపిన యా యొక్క పూలకాడను కోసి తెచ్చి తోడికోడలికి అందించెను.

చూడమ్మ దానిని పుచ్చుకొని దేవునిగది వైపు చూడనైనను చూడక రెండు పూలు త్రుంచి అక్క కన్నులలోనికి చూచుచు తన కొప్పున తుఱుముకొనెను. నివేదింపని పువ్వు మానవశిరస్సున కెక్కుట కనులార చూచిన వకుళమ్మ కంఠమున తీవ్రమైన మాట యొకటి యెగసెను. ఆమె దానిని మ్రింగెను.

“పొయ్యి మాత్రము తూర్పుననే యుండును” అని చూడమ్మ చేట చేతికి తీసికొనెను.

మఱునాడు ముక్కోటి పూజ తులసీదళములతోనే జరిగెను. కూడము నడుమ పాత్ర వట్టిదై యుండుట చూచి ముత్తైదువలు ఒకరి మోమొకరు చూచుకొనిరి. వారిలో పెద్దయామె నవ్వుచు “ఏమమ్మా, ఈ యేడు స్వామి నీపై అలిగెనా?” అని యడిగెను.

వకుళమ్మ హారతిపళ్ళెము క్రింద నుంచి ఆవలియింట వినబడునంత గట్టిగా బదులు చెప్పెను.

“ఇన్నేండ్లు నా పూలను పూయించినది చూడమ్మ పొయ్యి. ఈ యేటి పువ్వు ఆమెకే చేరినది.”