మచ్చపడిన పురుగులు

ఊజీ ఈగ కూర్చున్న పట్టుపురుగు ఇక దక్కదని పెనుకొండ పక్కనున్న ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ఈగ పురుగు మీద గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలికి తొలుచుకుపోయిన చోట నల్లమచ్చ పడుతుంది. మచ్చ కనబడగానే ఏరి కాల్చెయ్యాలన్నది ఊరి కట్టుబాటు.

మారక్క ఆ కట్టుబాటును లెక్కచెయ్యలేదు. మచ్చపురుగులను వేరే తట్టలో, దోమతెర కింద పెట్టి ఆకు వేసేది. వందలో తొంభై ఎనిమిది చచ్చేవి. మిగిలిన రెండింటి ఒంట్లో మాత్రం ఈగపిల్లే చచ్చేది, పురుగు నిక్షేపంగా గూడు కట్టేది. ఆ గూళ్ళను హిందూపురం మార్కెట్టుకు పంపకుండా విత్తనానికి ఉంచుకుంది. వాటి పిల్లలనూ అలాగే వడగట్టింది. పందొమ్మిది వందల తొంభై రెండులో మొదలుపెడితే తొంభై ఆరో సంవత్సరానికి, మచ్చపడిన వందలో నలభై బతుకుతున్నాయి. మొగుడు పోయినా ఆమెను నిలబెట్టింది ఆ తట్టే.

షెడ్డులో సగం మరిది బాలప్పది. ఆ ఏడు అతని పంట చాలామటుకు ఈగ పాలైంది. వచ్చి ఒంటికాలి మీద లేచాడు.

"ఈగల్ని సాకుతాండావు వదినా! నీ తట్టలోనించే ఊరికంతా పోతాండాది."

"తెర కట్టినాను, బయటికొచ్చిన ఈగపిల్లల్ని నేనే చంపుతాండా. ఇవి ఈగ దెబ్బ తిని బతికిన జాతి బాలప్పా."

"మచ్చ లేనిదే గట్టిది. నా దాంట్లో అట్లాంటివి ఏరి విత్తనం చేస్తా, చూడు."

"అవి ఈగ కంటబడనివి, అంతే! గట్టివని నీకెవరు చెప్పినారు?"

ఆమె మిగతా పంట గూళ్ళు అమ్మడానికి మార్కెట్టుకు పోయిన రోజు అతను ఆ తట్టనూ, విత్తనం గుడ్లు పెట్టించిన కాగితాలనూ కిరసనాయిలు పోసి తగలబెట్టాడు. తిరిగొచ్చిన మారక్క బూడిద ముందు కూలబడి నోరారా తిట్టింది. కట్టుబాటే కదా అంటూ వీధిలో ఒక్కరూ ఆమె పక్కన నిలబడలేదు. పైగా బాలప్ప దగ్గర మచ్చలేని విత్తనం ఎగబడి తీసుకున్నారు.

వానాకాలం పంటలో షెడ్లకు కట్టిన దోమతెరలు గాలికి చినిగాయి. ఈగ వచ్చింది. మచ్చపడని పురుగు ఏ ఇంట్లోనూ లేదు.

బాలప్ప ఆమె గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు. గొంతు తగ్గింది.

"వదినా, ఒక్క గుడ్ల కాగితమన్నా యాడైనా దాచింటావు కదా?"

"అన్నీ నువ్వే కాల్చినావు. పో, నీ మచ్చపురుగులకు ఆకెయ్యి. బతికినవి ఏరుకో. నాకు నాలుగేండ్లు పట్టింది, నీకూ పడతాది."

బాలప్ప తల వంచుకున్నాడు.

"పొద్దున్నే కాల్చేస్తి. ఊరంతా కాల్చేసినారు."

వందలో బతకాల్సిన ఆ రెండూ బూడిదయ్యాయని మారక్కకు ఏడుపొచ్చింది. అతని మీద జాలి మాత్రం రాలేదు. తలుపు మూసి గడియ పెట్టుకుంది.