జకరయ్య దాచుకున్న నిద్ర

రిటైరై రెండు నెలలైనా జకరయ్య ఇంకా కోడి కంటే ముందే లేస్తున్నాడు. లేచి, ఖాకీ చొక్కా తగిలించే కొక్కెం వైపు చెయ్యి చాపి, అక్కడ చొక్కా లేకపోవడం చూసి మళ్ళీ మంచం మీద కూలబడతాడు. మెదక్ డిపోలో ముప్పై ఏళ్ళు డ్రైవరీ చేసిన ఒళ్ళు అది. పదవీ విరమణ సంగతి దానికి ఎవరూ చెప్పినట్టు లేదు. పైగా ఇప్పుడు సకల జనుల సమ్మె. డిపోలో బస్సులన్నీ కదలకుండా పడుకున్నాయి. బస్సులకు దొరికిన విశ్రాంతి జకరయ్యకు దొరకలేదు.

అట్లాగని విశ్రాంతికి లోటేమీ లేదు. అటక మీద ఉంది.

నైటౌట్ డ్యూటీ అంటే ఏమిటో డ్రైవర్ల ఇళ్ళల్లో అడగాలి. చివరి ట్రిప్పు ఏ కౌడిపల్లి అవతలి పల్లెలోనో ఆగిపోతుంది. బస్సులోనే సీట్ల నడుమ నడుం వాల్చి, దోమలకు మర్యాద చేసి, తెల్లవారకముందే మొదటి ట్రిప్పు ఎత్తాలి. అట్లా పోకుండా మిగిలిన నిద్ర ఎక్కడికి పోతుంది? ఇంటికే వస్తుంది. జకరయ్య డ్యూటీ దిగినప్పుడల్లా అతని భార్య ఐలమ్మ ఆ నిద్రను బొంతలో పెట్టి, పైన పాత చీర ముక్క వేసి, జారిపోకుండా చుట్టూ కుట్టేది. బొంత నడుమ నిలువునా ఎర్రదారంతో ఒక కుట్టు ఉంది. అది ఎందుకో జకరయ్య ఏనాడూ అడగలేదు.

వాడలో అందరూ చేసే పనే ఇది. పక్కింటి అఖ్తరున్నీసా సర్కారు దవాఖానలో రాత్రి ఆయాగా చేసినన్నాళ్ళూ తన నిద్రను తకియాలో దాచుకుంది. రిటైరైన మర్నాడు దాని మీద తల పెట్టి, రంజాన్ వెళ్ళాక లేచింది. మోకాళ్ళ నొప్పులు పోయాయి. కోడలి మీద కోపం మాత్రం చెక్కుచెదరలేదు. దాచిన నిద్రకు షరతు ఒక్కటే. ఎవరు మొదలుపెట్టినా అది అయిపోయేదాకా లేపకూడదు.

బొంత దించుకొని పడుకోమని ఐలమ్మ రోజూ పోరుతోంది. జకరయ్య వింటే కదా.

"పైసలు ఒక కాడ పెట్టినంక పండుకుంట. నేను నిద్రల ఉంటే గవి ఎటుపొయ్యేది ఎవలు చూస్తరు?" అంటాడు.

అతని భయం అతనిది. ఆర్టీసీలో సర్కారు నౌకర్లకు వచ్చినట్టు పింఛను రాదు. నెలకు వచ్చే ఆ కాస్త పాలకూ కరెంటు బిల్లుకూ సరిపోతే గొప్ప. పీఎఫ్, గ్రాట్యుటీ కలిసి ఒక్కసారి చేతికొచ్చిందే ఇద్దరి మిగతా బతుకూ. అది తప్పు చోట పడితే మళ్ళీ స్టీరింగు పట్టే వయసు కాదు.

సలహాలకు కరువు లేదు. డిపో గేటు ముందు సమ్మె టెంటు కింద కూర్చున్న ప్రతివాడికీ చేతినిండా తీరికే. హవేలిఘనపూర్ దిక్కు ప్లాటు కొనమని, తెలంగాణ రాగానే రేటు రెండింతలవుతుందని కండక్టర్ వీరయ్య చెప్పాడు. రాకపోతే ఎట్లా అని జకరయ్య నోరుజారి అడిగేసరికి, టెంటు టెంటంతా అతన్ని ఆంధ్రా బస్సును చూసినట్టు చూసింది. ఒక మెకానిక్ బంగారం అన్నాడు. ఇంకొకాయన షేర్లు అన్నాడు, తనకు కొనడం వచ్చుగాని అమ్మడం ఇంకా రాలేదని కూడా చెప్పాడు, పాపం. ఎదురొచ్చే లారీ ఎటు తిరుగుతుందో దాని ముఖం చూసి చెప్పగలిగిన జకరయ్య, తన పైసలు ఎటు తిప్పాలో తెలియక రోజూ సాయంత్రం ఇంకాస్త అలిసిపోయి ఇల్లు చేరేవాడు.

ఐలమ్మ మాట మొదటినుంచీ ఒక్కటే. పోస్టాఫీసు. మిత్తి తక్కువని జకరయ్య గొణిగేవాడు. ఆ గొణుగుడు వినడానికే అన్నట్టు ఐలమ్మ తమ్ముడు జయానందం మోటారుసైకిలు మీద దిగేవాడు. రామాయంపేట హైవే మీద అద్దాల ఆఫీసు పెట్టిన ఒక కంపెనీకి అతను ఏజెంటు. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి, ఐదేళ్ళయ్యాక పైన ఒక ప్లాటు. టక్కు, సెంటు, జేబులో రెండు పెన్నులు. ఒకటి తనకు, ఒకటి సంతకం పెట్టేవాళ్ళకు.

"నా తమ్ముడు మంచోడే. అబద్ధం చెప్తలేడు, నమ్మి చెప్తుండు. నాకు గదే భయం," అంది ఐలమ్మ.

ఒక రోజు ఐలమ్మ అటక మీది బొంతను దించి ఎండలో ఆరవేసి, రాందాస్ చౌరస్తాలో వంటావార్పుకు పోయింది. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఊరంతా అక్కడే వండుకు తింటోంది. మబ్బు పట్టింది. జకరయ్య బొంతను లోపలికి తెచ్చాడు. అంతలో జయానందం రొప్పుతూ వచ్చాడు. స్కీముకు రేపే ఆఖరు రోజట.

"ఇంకెన్ని దినాలు ఆలోచన చేస్తవ్ బావా? నీ ముఖం జర అద్దంల చూసుకో. చెక్కు ఇచ్చి మంచిగ పండుకో."

మూడు రూపాయల మిత్తికి లొంగని జకరయ్య ఆ చివరి మాటకు లొంగిపోయాడు. ఎక్కడో ఒక చోట పడితే చాలు, పడుకోవచ్చు. చెక్కు రాసి ఇచ్చాడు. జయానందం దాన్ని జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు జకరయ్య చేసిన తప్పు మన దగ్గర బావలు మాత్రమే చేయగల తప్పు. బామ్మర్దిని ఉత్త నులక మంచం మీద ఎట్లా కూర్చోబెడతాం? చేతికందిన బొంత పరిచి, చాయ్ తాగిపొమ్మని కూర్చోబెట్టి వంటింట్లోకి పోయాడు. రెండు కప్పులతో తిరిగొచ్చేసరికి జయానందం గోడ వైపు జరిగి బోర్లా పడుకొని గురక పెడుతున్నాడు.

జకరయ్య అక్కడే నిలబడిపోయాడు. ఆ గురకలో సెకండ్ గేరు వినిపించింది. నర్సాపూర్ అడవి మలుపు, వానలో వైపరు పాడైన రాత్రి. ఒక్కొక్క నైటౌటూ అతనికి తెలుస్తూనే ఉంది. తన ముప్పై ఏళ్ళు ఇంకొకడి ముక్కులోంచి వెళ్ళిపోతున్నాయి. చాయ్ చల్లారిపోయింది.

ఐలమ్మ వచ్చి తమ్ముణ్ణి చూసింది, మొగుణ్ణి చూసింది. గోడ మీదుగా అఖ్తరున్నీసా, "లేపకుండ్రి భాయ్, పాపం," అని చెప్పి తన పని చూసుకుంది. చెక్కు అతని కడుపు కింద ఉంది. ఇంకొకటి రాసి తానే పోదామంటే రామాయంపేటకు బస్సు లేదు. జకరయ్యకు మోటారుసైకిలు రాదు. ఆరు టైర్లకు తక్కువున్న బండిని అతను ఏనాడూ నమ్మలేదు. ఆఖరు రోజు అట్లాగే గడిచిపోయింది.

దసరా వెళ్ళింది. జయానందం లేవలేదు. ఒక పొద్దున టెంటు దగ్గర వీరయ్య చెప్పాడు, అద్దాల ఆఫీసోళ్ళు బోర్డుతో సహా పీక్కపోయిండ్రని. ఆ మధ్యాహ్నమే, పైసలు కట్టిన నలుగురు ఏజెంటును వెతుక్కుంటూ కోపంగా వచ్చారు. మంచం మీద పడుకున్నవాణ్ణి, కింద బొంతను చూసి గొంతు తగ్గించారు. నిద్ర ఒడిసినంక వస్తమని చెప్పి, చెప్పులు చప్పుడు కాకుండా వెళ్ళిపోయారు.

సమ్మె విరమించి డిపోలో మొదటి బస్సు హారను కొట్టిన పొద్దున జయానందం లేచాడు. ముఖం పెళ్ళికొడుకులా ఉంది. సంగతి విన్నాక ఆ ముఖాన్నే చేతుల్లో దాచుకొని ఏడ్చాడు. నలిగిన చెక్కు బావ చేతిలో పెట్టి, తాను కట్టించినవాళ్ళకు ఎంతోకొంత ఇద్దామని మోటారుసైకిలు అమ్మడానికి బయల్దేరాడు.

ఆ వారమే పైసలు పోస్టాఫీసులో పడ్డాయి. ఇంటికొచ్చి జకరయ్య మంచం మీద కూర్చొని బొంతను తడిమాడు. గోడ వైపు సగం ఉల్లిపొరలా పలచబడింది.

"పైసలు దక్కినయి. నిద్రే ఒడిసింది," అన్నాడు. నవ్వాలనుకున్నాడు గాని దానిక్కూడా ఓపిక లేదు.

ఐలమ్మ అతని చేతిని పట్టి ఎర్రకుట్టు దాటించి ఇవతలి సగం మీద పెట్టింది. అక్కడ బొంత మెత్తగా, పిల్లి కడుపంత వెచ్చగా ఉంది.

"నువ్వు మూడింటికి డ్యూటీకి పోతే, నేను రెండింటికి లేచి నీకు సద్ది కట్టలేదా? మరి నా నిద్ర ఎటువోతది?"

జకరయ్య బొంత మీంచి చెయ్యి తీసేశాడు. ముప్పై ఏళ్ళు ఆ సద్ది తిన్నాడు. అది ఏ వేళకు ఉడికిందో అడగలేదు.

"ఇది నీది గదా," అన్నాడు చివరికి.

"నాదే. అందుకే జరుగుమంటున్న. ఇద్దరికి ఎంత వస్తే గంత."

ఇద్దరూ ఇరుకుగా ఒరిగారు. కాసేపటికి సాయంత్రం ట్రిప్పు బస్సు సందు చివర హారను కొట్టింది. జకరయ్య చెయ్యి అలవాటుగా కొక్కెం వైపు లేచి, సగం దాకా వెళ్ళి, మెల్లగా దిగి ఎర్రదారం మీద వాలింది.