వెనక తీగల శ్రుతి

ప్రతి ఆదివారం పొద్దున చాయ్ తాగి, మట్టయ్య దిల్‌సుఖ్‌నగర్‌లో తన ఇంటి ఓనరు శేషారత్నం టీచరు గారి గ్రాండ్ పియానో శ్రుతి చేసేవాడు. పోచంపల్లి నేతగాడు. మగ్గం మీద పడుగు దారాల బిగువును వేలితో మీటి చూసిన చెయ్యి. పియానోలో తీగల్ని మోసే వంతెన చెక్క దాటాక మిగిలే వేలెడు తీగముక్కలంటే అతనికి మహా పంతం. మెట్టు నొక్కితే లేచి తీగను కొట్టే సుత్తి ఎన్నడూ తగలని ముక్కలవి. ముందు తీగను గుడ్డతో నొక్కి, వెనక ముక్కను గోటితో మీటి, కింది ఇత్తడి బిళ్లను తట్టి జరిపేవాడు.

"ఎవరూ వాయించని తీగలకి శ్రుతెందుకండీ?" అనేవారు శేషారత్నం.

"ముందుది పాడితే ఎన్కది బదులు పలకాలె టీచరమ్మా. పలకకుంటె గదేం పాట?"

అవి కుదిరితే పియానో నేల మీంచి జానెడు లేచేది. ఆ సందులోకి చీపురు తోసి ఆవిడ ఊడ్చుకునేవారు. కుడి చివరి తీగ ఒక్కటే పదకొండేళ్లుగా కుదరలేదు. అందుకని ఆ మూల కాస్త వాలి ఉండేది.

తెలంగాణ కోసం బస్సులు ఆగి, రోడ్ల మీదే వంటావార్పు జరుగుతున్న ఆదివారం. మట్టయ్య భార్య అంజమ్మ వెనక గదిలోంచి పరుగెత్తుకొచ్చింది.

"సుచిత్రకు బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని నాతోని కాదన్నది. ఒక్క బండి లేదు. నువ్వు గీడ టుంగుటుంగు అనుకుంట కూసున్నవా?"

మట్టయ్య పియానో మూత దించాడు. "బొంత తే."

కూతుర్ని మూత మీద పడుకోబెట్టి, హాలు తలుపులు రెండూ తీసి, ముగ్గురూ జానెడెత్తున తేలుతున్న పియానోను ఎల్‌బీ నగర్ దవాఖాన వైపు తోశారు. కొత్తపేట దాటేసరికి బరువుకు వెనక తీగల శ్రుతి జారి, అది రోడ్డుకు రెండు వేళ్ల ఎత్తుకు దిగింది. సుచిత్ర అరుపు సన్నబడింది. ఎదురుగా రోడ్డు నిండా పొయ్యిలు, డప్పులు.

సమ్మె మొదలయ్యాక తన కోస్తా యాస వీధిలో వినిపించనివ్వని శేషారత్నం గొంతెత్తారు. "కాస్త దారివ్వండి బాబూ! పిల్ల చచ్చిపోతోంది!"

"తొవ్వియ్యుండ్రిరా! అన్నం గంజులు జరుపుండ్రి!" అన్నాడు గరిటె పట్టుకున్న భిక్షపతి. డప్పులవాళ్లతో, "మీరు ఆపకుండ్రి. సూడుండ్రి, గది లేస్తున్నది," అన్నాడు.

నిజమే. డప్పు దెబ్బకొక్కటిగా వెనక తీగలు బదులు పలుకుతున్నాయి. పియానో మోకాలెత్తు లేచింది. డప్పులవాళ్లు దవాఖాన గేటు దాకా వాయిస్తూ వచ్చారు.

సుచిత్రను లోపలికి తీసుకెళ్లారు. అందరూ కిటికీ కింద నిలబడ్డారు. పొయ్యి మీద అన్నం మాడుతోందని ఎవరో గుర్తుచేసినా భిక్షపతి కదల్లేదు.

చాలాసేపటికి లోపల పసికందు ఏడ్చింది.

ఎవరూ ముట్టని తీగలన్నీ ఒక్కసారి మోగాయి. వాలిన కుడి మూల మెల్లగా లేచి మిగతా పియానోతో సమమైంది. మట్టయ్య మూత ఎత్తి, చివరి తీగ మీదికి గోరు చాపాడు. మీటకుండానే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.