పదో తరగతి దగ్గర ఆగిన శోకం

కారేపల్లి దగ్గరి తండాలో పాస్టరు దేవ్లా రెండు వారాలుగా పాత నిబంధనలోని ఏడుపు పుస్తకంతో కుస్తీ పడుతున్నాడు. కూలిపోయిన నగరం కోసం ఏడ్చిన ఐదు పాటలవి. ఐదూ ఒకే గొంతువా, తలా ఒకరు రాసిన ముక్కలా అన్నది తేల్చి బైబిలు కాలేజీకి వ్యాసం పంపాలి.

హీబ్రూ అక్షరాలు ఇరవైరెండు. మొదటి నాలుగు పాటల్లో చరణాలు ఆ అక్షరాలతోనే వరసగా మొదలవుతూ, ఒక్క అక్షరాన్నీ వదలకుండా నడుస్తాయి. ఐదో పాటలో చరణాలు ఇరవైరెండే గాని అక్షరాల వరస చెదిరిపోయింది. ఇది వేరేవాళ్లదని రాయబోతుంటే, వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్న తల్లి సోమ్లి కనిపించింది. దేవ్లా చెయ్యి ఆగిపోయింది.

ఒకప్పుడు శోకం పెట్టడంలో తండాలో సోమ్లి తర్వాతే ఎవరైనా. పోయినవాళ్ల బతుకును ఊయల నుంచి పాడె దాకా ఏడాది వెంట ఏడాదిగా ఏడ్చేది. ఒక్క ఏడు తప్పినా వాళ్లు అక్కడే నిలబడిపోతారని ఆమె నమ్మకం. చివరికొచ్చేసరికి గొంతు పోయి మాటల వరస చెదిరేది. ఏళ్ల లెక్క మాత్రం తప్పేది కాదు.

ఐదో పాటా అంతే. అది వేరే మనిషిది కాదు, అలిసిన గొంతు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది పాస్టరు గారి పని.

ఎందుకంటే మూడేళ్ల కింద చెల్లెలు రూప్లి జ్వరంతో పోయినప్పుడు ఆ శోకాన్ని ఆపించింది తనే. అప్పటికి సోమ్లి శోకం రూప్లి పదో తరగతి చదివిన ఏడు దాకా వచ్చింది. సంఘమంతా చూస్తోందని, "సచ్చినోళ్లు మళ్ల లేస్తరన్న నిరీక్షణ ఉన్నోళ్లు గిట్ల ఏడ్వరు యాడీ" అని తల్లిని ఆపాడు. ఆ తర్వాత ఆమె ఏ చావులోనూ నోరు విప్పలేదు.

దేవ్లా సిగ్గుతో వచ్చి తల్లి ఎదుట కూర్చున్నాడు.

"రూప్లి శోకం మిగిలింది గద యాడీ. ఇప్పుడు తీర్చు, నేను అడ్డం రాను."

"ఇప్పుడేం గుర్తొచ్చింది?"

"పుస్తకంల గూడ గట్లనే ఏడ్చిన్రు. నాకు ఇయ్యాల సమజైంది."

"పుస్తకం చెప్తే సమజైందా." సోమ్లి ఇంకో తొడిమ తుంచింది. "నా నోరు ఎండిపోయింది బిడ్డా. నీ చెల్లె ఇంకా బడి బట్టల మీదనే నిలబడ్డది. రోజూ కనబడ్తది."

 దేవ్లా తానే శోకం ఎత్తుకున్నాడు.

"చెల్లే, రూప్లీ, ఇంటర్ల చేరితివి..."

అక్కడే ఆగిపోయాడు. ఆ ఏడు అతడు పాస్టరు చదువుకు పోయి ఇంటి ముఖమే చూడలేదు. చెల్లెలు ఏం చేసిందో అతనికి తెలియదు.

సోమ్లి చేతిలోని మిరపకాయ కింద పెట్టి, తర్వాతి మాట కోసం కొడుకు నోటి వంక చూస్తూ కూర్చుంది.