ఎర్ర పెన్సిలు రాసిన మూడు వాక్యాలు

మా థియేటరులో నటులకు మాటలు రావు. ఈ సంగతి అంటే వాళ్ళకి కోపం వస్తుంది, రానివ్వండి. వారానికో నాటకం మారుతుంటే ఎవరికి కంఠస్థం అవుతుంది? అందుకే నేనున్నాను. పక్క తెర వెనక స్టూలు మీద కూర్చుని, రాతప్రతి చూస్తూ, ఒక్కో వాక్యం ముందుగా మెల్లగా అందిస్తాను. రాజు వేషం వేసినవాడైనా దొంగ వేషం వేసినవాడైనా నా నోటి నుంచి వచ్చిందే పలకాలి. అందుకని నాకు చిలక అని పేరు పెట్టారు. నా మాటలు వాళ్ళు తిరిగి అంటుంటే చిలక నేనెలా అయ్యానో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అసలు వాటిలో కొన్ని రాసేది కూడా నేనే. తొమ్మిది రాశాను. తొమ్మిదింటికీ పోస్టరు మీద 'రచన' అని మా బావగారి పేరుంటుంది, అరచేయంత అక్షరాలతో. థియేటరు ఆయనది. "ఆడదాని పేరు చూస్తే జనం రారు చిలకా" అన్నాడు మొదటిసారి. రెండోసారి ఏమీ అనలేదు. మూడోసారికి తనే రాసినట్టు నలుగురికీ చెప్పుకున్నాడు. తొమ్మిదోసారికి తను కూడా నమ్మేశాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

బావగారి భార్య మా అక్క. పెళ్ళికి ముందు ఈ స్టేజీ మీదే హీరోయిన్. అక్క గొంతు విప్పితే చివరి బెంచీ వాళ్ళు కూడా దగ్గు ఆపుకునేవారు. పెళ్ళయిన వారానికి, "మా ఇంటి ఆడది రంగు పూసుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?" అని బావగారు దింపేశాడు. ఇంకొకరి ఇంటి ఆడవాళ్ళు రంగు పూసుకుంటే వచ్చే టిక్కెట్ల డబ్బు మాత్రం ఆయనకి చేదు కాదు. ఇప్పుడు అక్క మేడ మీద గదిలో మిషను ముందు కూర్చుని వేషాలకి బట్టలు కుడుతుంది. కొత్త నాటకం మొదటి రోజు మాత్రం కిందికి దిగాలి. మంచి బట్టలు వేసుకుని, గుమ్మం దగ్గర ఆయన పక్కన నిలబడి, వచ్చిన ప్రతి ఆఫీసరుకీ నవ్వుతూ స్వాగతం చెప్పాలి. పదిహేనేళ్ళుగా అక్కకి మిగిలిన వేషం అదొక్కటే.

తొమ్మిదో నాటకం ఒక మేయరు గురించి. ఊరి నీళ్ళు తన ఫ్యాక్టరీకి మళ్ళించుకుంటాడు. చివరి అంకంలో జనం ఖాళీ బిందెలతో గేటు ముందు నిలబడతారు. అప్పుడు మేయరు భార్య బయటికి వచ్చి, అందరి ముందూ మొగుణ్ణి నిలదీస్తుంది. ఐదు వాక్యాలు. మిగతా తొంభై పేజీలు ఆ ఐదింటి కోసమే రాశాను.

ఆ ఐదు వాక్యాలు నేను కల్పించినవి కావు. ఒకరోజు అక్క వంటింట్లో గిన్నెలు తోముతూ, ఎదురుగా ఎవరూ లేకుండా, గోడతో అన్నవి. గుమ్మం బయట నిలబడి విని, తిన్నగా వెళ్ళి కాగితం మీద పెట్టేశాను. అక్కని అడగలేదు, చెప్పలేదు. బావగారిని దొంగ అన్న నోటితోనే ఈ ముక్క కూడా ఒప్పుకోవాలి కదా.

మా దగ్గర ఏ నాటకమైనా ముందు అనుమతుల ఆఫీసుకి వెళ్ళాలి. అక్కడి అధికారికి మేం పెట్టుకున్న పేరు ఎర్ర పెన్సిలు. ఆయన నచ్చనిది కొట్టేసి, పేజీ పేజీకీ ముద్ర వేసి పంపుతాడు. ఈసారి ప్రతి తిరిగి రాగానే చివరి పేజీ తీశాను. ఐదు వాక్యాలూ కొట్టేశాడు.

"ఐదు వాక్యాలేగా పోయింది" అన్నాడు బావగారు, టిక్కెట్ల గదిలో కాలు మీద కాలేసుకుని. "నాటకమంతా ఉందిగా?"

"తల తీసేసి మొండెం ఉందిగా అంటే ఎలా బావగారూ?"

"ఆమె ఏడిస్తే సరిపోతుందని ఆఫీసరే అన్నాడు, ఏడిపిద్దాం. ఏడుపు ఎప్పుడూ నష్టం తేదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, అందరికీ లేని బాధ నీకెందుకే?"

"రాసింది నేను కాబట్టి."

"మెల్లగా! పోస్టరు మీద నా పేరుంది. ఎవరైనా వింటే నా పరువేం కాను?"

ఆయన పరువు. నా మాటలు పోయినా ఫరవాలేదు, అవి ఆయనవి కావని తెలిస్తేనే ప్రమాదం. చేతిలో ఉన్న సిరాబుడ్డి ఆయన చొక్కా మీద వెయ్యకుండా మేడ ఎక్కడానికి నాకెంత ఓపిక పట్టిందో నాకే తెలుసు.

అక్క మేయరు భార్య వేషానికి చేతులు అతుకుతోంది. "ఏం కొట్టేశాడే?" అంది తలెత్తకుండా. చదివాను. మొదటి వాక్యానికి మిషను ఆగింది. ఐదోది అయ్యేదాకా మళ్ళీ తిరగలేదు.

"బాగా రాశావు" అంది చివరికి. అంతే. నా మొహం కాలిపోయింది. నిజం చెప్పడానికి అదే సమయం, నేను చెప్పలేదు. కాగితాల్లోకి తల దూర్చాను.

అలా తల దూర్చినప్పుడే కనిపించింది. నేను కాగితం దండగని అంచు వదలకుండా రాస్తాను. ఎర్ర పెన్సిలు తన అభిప్రాయాలు రాద్దామంటే అంచులో చోటు లేదు. అందుకని కొట్టేసిన వాక్యాల మధ్యే, 'మేయరు భార్య' అని నేను రాసిన దాని కిందే, మూడు వాక్యాలు రాసుకుంటూ పోయాడు. వాటి పక్కన సంతకం పెట్టాడు. సరిగ్గా వాటి మీదే ముద్ర గుద్దాడు.

మొదటి పేజీ తిప్పాను. ప్రతి నాటకం మీదా ఉండే హెచ్చరికే అక్కడా ఉంది. "ముద్ర వేసిన ప్రతిలో ఉన్నది ఉన్నట్టు పలకవలెను. ఒక్క మాట చేర్చినా, ఒక్క మాట వదిలినా థియేటరు మూసివేయబడును."

సరే దొరా, అనుకున్నాను. వదలను.

మొదటి ఆట సాయంత్రం ఐదింటికి. గుమ్మం దగ్గర అక్క నవ్వింది. ఎర్ర పెన్సిలు భార్యతో సహా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. హాలు నిండింది. చివరి అంకం వచ్చింది, బిందెలు వచ్చాయి, మేయరు వచ్చాడు, హీరోయిన్ గేటు దాటి ముందుకొచ్చి నా వైపు చెవి పెట్టింది. ఆమెకి నేనేం చెప్పలేదు. ముద్ర ఉన్న మాటలకి ఆమెని ఎవరూ ఏమీ చెయ్యలేరని మాత్రం రెండుసార్లు చూసుకున్నాను. అందించాను.

హీరోయిన్ గట్టిగా పలికింది. "భార్య భర్తను నలుగురిలో నిలదీయడం మర్యాదస్తుల కుటుంబాలకు తగదు."

మేయరు వేషం వేసినవాడు నా వైపు చూశాడు. రెండోది అందించాను.

"మేయరు తప్పు చేశాడో లేదో తేల్చవలసింది పై అధికారులు. ఆడవాళ్ళు కాదు."

వెనక బెంచీల్లో ఒక ఆడమనిషి పకపకా నవ్వింది. ఆ నవ్వు పక్కవాళ్ళకి అంటుకుంది. హీరోయిన్‌కి అప్పుడు తెలిసింది తను ఏం పలుకుతోందో. ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆపేస్తుందేమో అనుకున్నాను. ఆమె తిరిగి, మేయరుని కాదు, ముందు వరసని చూస్తూ నిలబడింది. మూడోది అందించాను.

"ఇక్కడ ఆమె ఏడిస్తే సరిపోతుంది."

అని, ఏడవలేదు. కన్ను ఆర్పకుండా నిలబడింది. హాలు పెళ్ళున నవ్వింది. తర్వాత ఆ నవ్వు మారింది, బెంచీల మీద చేతులతో కొట్టడం మొదలుపెట్టారు. ఎర్ర పెన్సిలు భార్య కూడా నోటికి రుమాలు అడ్డం పెట్టుకుంది.

ఆయన లేచాడు. "ఆపండి! ఎవరివీ మాటలు? ఎవరు రాశారిది?"

బావగారు టిక్కెట్ల గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. పదిహేనేళ్ళలో ఆయన అంత వేగంగా కదలడం నేను చూడలేదు. "నేను కాదు సార్! నేనొక్క ముక్క రాయలేదు. ఇదే కాదు సార్, తొమ్మిది నాటకాలూ మా మరదలే రాసింది. నాకు రాయడమే రాదు!"

నాలుగువందల మంది విన్నారు. తొమ్మిది నాటకాలపాటు నేను ఎదురుచూసిన మాట, భయంతో ఊడిపడింది.

తెర పక్కనుంచి స్టేజీ మీదికి నడిచాను. "అవునండీ, నాటకం నాదే. ఈ మూడు వాక్యాలు మాత్రం నావి కావు. ఇంత చెత్త నేను రాయను. ఇదిగో చేతిరాత, ఇదిగో సంతకం, ఇదిగో ముద్ర. ఒక్క మాట కూడా వదలొద్దన్నారు, వదల్లేదు."

ఎర్ర పెన్సిలు ప్రతి లాక్కుని, భార్యని వదిలేసి బయటికి నడిచాడు.

మర్నాడు పొద్దున్న థియేటరుకి తాళం. తలుపు మీద అచ్చు కాగితం. ఫలానా ఆమె రచించిన నాటకం నిషేధించడమైనది అని, నా పేరు, ఇంటిపేరుతో సహా. నా పేరు అచ్చులో చూడటం అదే మొదటిసారి. దాన్ని చూసి సంతోషం కలిగినందుకు నా మీద నాకే మండింది.

వీధిలో అప్పటికే జనం మూగారు. మెట్ల మీద బావగారు తల పట్టుకుని కూర్చున్నాడు. "కొంప ముంచావు కదే చిలకా" అని, అక్క వైపు తిరిగాడు. "నువ్వు లేచి మంచి బట్టలేసుకో. ఆ ఆఫీసరు దగ్గరికెళ్దాం. నువ్వు కాస్త నవ్వుతూ అడిగితే తాళం తీస్తాడు."

అక్క మెట్టు దిగింది. వీధి వైపు కాదు, ఆయన ఎదురుగా తిరిగి నిలబడింది. పదిహేనేళ్ళ కిందటి గొంతు బయటికి వచ్చింది.

"పదిహేనేళ్ళు నీ పక్కన నిలబడి నవ్వాను."

అలవాటు కొద్దీ రెండో వాక్యం అందించబోయాను. అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నవ్వడమే నీ పని అన్నావు, నవ్వాను. నీ అబద్ధాల గోడకి నా నవ్వే సున్నం. ఆ సున్నం ఇవాళ్టితో అయిపోయింది. కావాలంటే నువ్వు నవ్వుకో, నేను చూస్తాను."

ఇవే ఐదు వాక్యాలు వంటింట్లో గోడతో అన్నప్పుడు అక్క 'మీరు' అనే అంది. నేనూ అలాగే రాశాను. వీధిలో, అందరూ వింటుండగా, 'నువ్వు' అంది. బావగారు నోరు తెరిచాడు, అందించేవాళ్ళు లేక మూశాడు.

జనంలోంచి ఒక పెద్దావిడ నా దగ్గరికొచ్చి, తలుపు మీద కాగితంలో నా పేరు చూపించింది. "చాలా బాగున్నాయమ్మా ఇప్పుడు ఆవిడ అన్న మాటలు. నువ్వేనా రాసింది?"

"కాదండీ" అన్నాను, బావగారికీ అక్కకీ వినపడేట్టు. "నేను దొంగిలించాను. అవి మా అక్కవి."