రెండో గీత

ఆ పొద్దున పరీక్ష పట్టీ మీద రెండో గీత చిక్కగా పడింది. అండం విడుదలయ్యే వేళ దగ్గరపడిందన్నమాట. మహా అయితే ఇంకో ఒకటిన్నర రోజు. బట్టల కార్ఖానాలో కుట్లు సరిచూసే ఆమెకు ఈ లెక్క కంఠతా వచ్చు. రెండున్నరేళ్లుగా నిద్రలేవగానే నోట్లో థర్మామీటరు, ఆనక క్యాలెండరు మీద పెన్సిలు చుక్క. తీరా ఆ రోజు వచ్చేసరికి లారీ తోలే మొగుడు ఇంట్లో ఉండడు.

"నేను ఆరుగుర్ని కన్నప్పుడు మా ఇంట్లో గడియారం కూడా లేదు" అనేది అత్తగారు.

ఈసారి ఆమె ఊరుకోలేదు. సూపర్‌వైజరుకు కడుపునొప్పని చెప్పి బస్సెక్కింది. మూడు గంటల తర్వాత సిమెంటు గోదాము దగ్గర దిగింది. సరుకు దింపిస్తున్న మొగుడు ఆమెను చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? అమ్మ బాగానే ఉందా?"

"అందరూ బాగానే ఉన్నారు. ఇవాళే రోజు. బస్టాండు పక్కన లాడ్జి ఉంది, చూసొచ్చాను."

అతని మొహం పాలిపోయింది. ఆమెను లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టి, తానూ ఎక్కి తలుపేశాడు.

"నేను పరీక్ష చేయించుకున్నా. నాలుగు నెలలైంది. నాలో వీర్యకణాలే లేవట. రెండోసారి చేసినా అదే మాట."

"మందులు?"

"లాభం లేదన్నారు."

గోదాములోంచి బస్తాలు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పోయిన నెల రెండ్రోజులు ఆలస్యమైందని నేను ఎగిరి గంతేస్తే, నువ్వూ నవ్వావు కదయ్యా! మీ అమ్మ నన్ను గొడ్రాలంటే కంచం ముందు తలొంచుకు కూర్చున్నావు!"

"చెబుదామనే అనుకున్నా. నీ మొహం చూస్తే నోరు రాలేదు."

చెంప పగలగొట్టాలనిపించింది. వెక్కి వెక్కి ఏడవాలనిపించింది. ఏదీ చేతకాలేదు.

సరుకు దింపడం అయ్యాక అదే లారీలో ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సగం దారి గడిచాక అతను ఉండబట్టలేక, "ఏదో ఒకటి అను. తిట్టు, పోనీ" అన్నాడు.

"ముందు చూసి నడుపు" అంది ఆమె.