చుక్క ఈని నాలుగో నెల

చుక్కను అమ్మేసిన రోజు కూడా ఎల్లమ్మ నాలుగున్నరకే లేచింది. కొట్టంలో పేడ ఎత్తింది. దుడ్డెను కాసేపు తాగనిచ్చి పక్కకు కట్టేసి, పొదుగు కడిగి, మోకాళ్ల మధ్య బకెట్ పెట్టుకుని కూర్చుంది. చుక్క ఒకసారి వెనక్కి తిరిగి చూసి, చేపకుండా పాలు బిగబట్టింది. పదకొండు రోజులుగా ఇదే వరస. అది ఆమె భర్త బీరయ్య చేతికి అలవాటు పడ్డ బర్రె. ఆయన బొటనవేలు లోపలికి మడిచి పిడికిలితో పిండేవాడు. ఎల్లమ్మ వేళ్లతో లాగుతుంది. ఆ తేడా బర్రెకు తెలుసు. చివరికి అరబకెట్ కూడా నిండలేదు.

గౌలిపురలో వాళ్ల కొట్టంలో ఒకప్పుడు ఆరు బర్రెలుండేవి. మిగిలింది నుదుట తెల్లమచ్చ ఉన్న ఈ ఒక్కటే.

పదకొండు రోజుల కింద ఇదే బకెట్ బీరయ్య చేతిలోంచి జారింది. పాలు కాలువలోకి పారుతుంటే ఆయన తన కుడిచేతిని ఎవరిదో అన్నట్టు చూస్తూ కూర్చున్నాడు. మూతి పక్కకు పోయింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ పక్షవాతమని చెప్పి, ఇదే మొదటిసారా అని అడిగి, ఒక కాగితం తీసింది. చెయ్యి ఎత్తమంది, కాలు ఎత్తమంది. చెయ్యలేకపోయిన ప్రతిదానికీ మార్కు వేసింది. ఆ కాగితంలో మార్కులు పెరిగితే జబ్బు పెరిగినట్టు. పక్కవాళ్లు జవాబులు అందించొద్దని ముందే చెప్పింది.

“ఇది ఏ నెల? మీ వయసెంత?”

“చుక్క ఈని నాలుగో నెల,” అన్నాడు బీరయ్య ముద్దమాటలతో. వయసు సంగతి ఏమీ చెప్పలేదు.

డాక్టరమ్మ రెండు మార్కులు వేసింది. బీరయ్యకు తన వయసు ఎప్పుడూ తెలియదు. ఆధార్ కార్డులో ఉన్నది రాసుకున్నవాళ్ల అంచనా. నెలలను బర్రె ఈతను బట్టి లెక్కపెడతాడు. ఆ లెక్కన ఆయన జవాబు సరైనదే. ఆ మాట ఎల్లమ్మ నోటిదాకా వచ్చింది. అందించొద్దన్నారు కదా అని ఊరుకుంది.

నెల తిరిగేసరికి తనంతట తాను లేచి నడవడం కష్టమే అనిపిస్తోందని డాక్టరమ్మ చెప్పింది. ఇది అంచనా మాత్రమేనని కూడా అంది. ఇంటికి మొదటి మాటే చేరింది. మలక్‌పేటలో ఉండే కూతురు యశోద వచ్చి, నిలబడే అడిగింది.

“బాపును లేవట్టుడా, బర్రెను పిండుడా? రెండూ నీతోని అయితయా అమ్మా?”

బేరం యశోదే కుదిర్చింది.

అమ్మిన రోజు ఎనిమిదింటికి పురానాపూల్ నుంచి బర్రెల బేరగాడు గుండయ్య ట్రాలీ బండితో వచ్చాడు. దుడ్డె ఎక్కింది. చుక్క ముగ్గురు తోసినా కాళ్లు బిగించి నిలబడింది.

“దీనికి మస్తు నఖ్రాలున్నయి వదినా. అంతా అన్న చేసిన గారాబం,” అన్నాడు గుండయ్య.

ఎల్లమ్మ వెళ్లి దాని మెడకింద గోకింది. చుక్క ఎక్కింది. గుండయ్య తన పలుపుతాడు తెచ్చుకున్నాడు. అమ్మినవాళ్లు బర్రెనిస్తారు గాని పలుపు ఇవ్వరు. ఇస్తే ఆ కొట్టంలో మళ్లీ పాడి నిలవదంటారు. పాత పలుపును ఆయనే విప్పి గుంజకు వేలాడదీసి వెళ్లాడు.

మధ్యాహ్నం ఎల్లమ్మ అన్నం డబ్బా పట్టుకుని వార్డుకు వెళ్లేసరికి బీరయ్య మంచం మీద ఆనుకోకుండా కూర్చుని ఉన్నాడు. పొద్దున ఇద్దరు పట్టుకుంటే తలుపుదాకా నడిచాడని నర్సు చెప్పింది. కుడిచేతిలో మెత్తని బంతి ఉంది. బొటనవేలు లోపలికి మడిచి, పైనుంచి కిందికి, మెల్లగా పిండుతున్నాడు.

“గిది చేపుతలేదు,” అన్నాడు బంతిని చూపిస్తూ. వంకరపోయిన మూతితోనే నవ్వాడు.

డాక్టరమ్మ మళ్లీ కాగితంతో వచ్చి ఏ నెల అని అడిగింది.

“నాలుగు నిండి అయిదుల వడ్డది.”

ఈసారి ఎల్లమ్మ ఊరుకోలేదు. “గది తప్పు కాదమ్మా. మా బర్రె ఈని నాలుగు నెలలైంది. ఆయన గట్లనే లెక్కవెడ్తడు. వయసైతే ఆయనకు ఎన్నడూ ఎర్కలేదు.”

డాక్టరమ్మ పాత కాగితం తీసి ఆ రెండు మార్కులు కొట్టేసింది. “అప్పుడే తెలిసుంటే అంత కష్టమని చెప్పేదాన్ని కాదమ్మా,” అంది. చెయ్యి తాను అనుకున్నదానికన్నా త్వరగా తేరుకుందని, పది రోజుల్లో కర్ర సాయంతో ఇంట్లో తిరుగుతాడని చెప్పింది. ఇదీ అంచనాయేనంది.

ఆమె వెళ్లాక బీరయ్య అడిగాడు. “పొద్దుగాల చుక్క ఇచ్చిందా?”

“ఇచ్చింది.”

అది అబద్ధం కాదు.

“నీకు తక్కువనే ఇస్తది. నేనొచ్చినంక సూడు,” అని ఆయన మళ్లీ బంతి పిండాడు.

ఎల్లమ్మ వరండాలోకి వచ్చి గుండయ్యకు ఫోన్ చేసి, చుక్కను తిరిగిమ్మని అడిగింది. చుక్కను అప్పుడే ఇంకొకరు కొనుక్కుపోయారని, బండి ఊరు దాటి ఉంటుందని ఆయన చెప్పాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, అలవాటు కొద్దీ కుడితి కలిపింది. కలిపాక గుర్తొచ్చి, బకెట్‌ను గోడ పక్కకు జరిపింది.

పలుపు గుంజకే ఉంది. బీరయ్యకు ఇంకా చెప్పలేదు.